హుక్ కీలు నుంచి జీపు షాఫ్టు వరకు

కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ సముద్రం దాకా పరచుకొన్న నేల దివిసీమ. దాని దక్షిణ భాగంలో నాగాయలంక ఉన్నది. ఇక్కడి నేల నది తెచ్చి పోసిన ఒండ్రు. ఎండాకాలంలో నెర్రెలు విచ్చి రాయిలా గట్టిపడే ఈ మట్టి, నాలుగు వానలు పడేసరికి చక్రానికి ముద్దగా అంటుకొని బండిని కదలనివ్వదు. తారురోడ్డు దిగి కరకట్ట మీదికో, రొయ్యల చెరువు గట్టు మీదికో పోవలసిన బండికి రెండు గుణాలు కావాలి. నాలుగు చక్రాలకూ యంత్రబలం అందాలి; అడుగుభాగం నేలకు ఎత్తుగా ఉండాలి. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో సముద్రం దివిసీమలోనికి మైళ్ళ దూరం చొచ్చుకొని వచ్చి వేలాది ప్రాణాలను బలిగొన్నది. అటువంటి విపత్తు తరువాత రోడ్డు ఎక్కడున్నదో కూడా కనిపించని చోట, నీటిలోనూ బురదలోనూ సాగిపోగల బండి విలువను వేరే చెప్పనక్కరలేదు.

అందుచేత జీపువంటి బండ్లను ఉన్నదానికంటె మరికొంత ఎత్తుకు లేపాలన్న ఆలోచన కలగడం సహజం. కమాను కట్టలకు వంపు పెంచుతారు, లేక అదనపు పట్టీలు వేస్తారు. పెద్ద చక్రాలు తొడుగుతారు. పైకి చూడడానికి ఇది తేలికపని. కాని అలా ఎత్తిన బండి కొంచెం వేగం అందుకోగానే అదరడం మొదలుపెడుతుంది. కొన్నాళ్ళకు షాఫ్టు చివరనున్న క్రాసు అరిగిపోతుంది. కొత్తది వేసినా మళ్ళీ అదే కథ. చాలామంది కారణాన్ని క్రాసు నాణ్యంలో వెదకుతారు. నిజానికి ఆ కారణం జ్యామితిలో ఉన్నది. మూడున్నర శతాబ్దాల క్రిందట ఒక ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దానిని కనిపెట్టి, విరుగుడు కూడా చెప్పిపోయాడు.

వంగిన దారిలో భ్రమణం

జీపులో ఇంజను, గేరుబాక్సు, దాని వెనుకనున్న ట్రాన్స్‌ఫర్ కేసు చట్రానికి బిగించి ఉంటాయి. వెనుక ఇరుసు మాత్రం కమాను కట్టల మీద వ్రేలాడుతూ గతుకు వచ్చినప్పుడల్లా పైకీ క్రిందికీ ఆడుతుంది. స్థిరంగా ఉన్నచోటినుంచి ఆడుతున్నచోటికి భ్రమణాన్ని మోసుకొని పోవడం ప్రొపెల్లర్ షాఫ్టు పని. ఆ షాఫ్టు అందించిన భ్రమణాన్ని ఇరుసు నడుమ గుండ్రని పెట్టెలోనున్న చిన్న పళ్ళచక్రం అందుకొని పెద్ద పళ్ళచక్రానికి ఇస్తుంది. ఆ చిన్న చక్రమే పినియన్. షాఫ్టు రెండు చివరలా, ఏ వైపుకైనా వంగే కీలు ఒక్కొక్కటి ఉంటుంది. పంగ ఆకారంలోని రెండు ముక్కల నడుమ కూడిక గుర్తువంటి ఇనుప ముక్క కూర్చుని ఉంటుంది. దీనినే కార్ఖానాలలో యూనివర్సల్ జాయింటు అనీ, నడిమి ముక్కను క్రాసు అనీ అంటారు.

ఈ కీలుకు మూలం చాలా పాతది. ఒకదానిలో ఒకటి అమర్చిన వలయాల మీద వ్రేలాడదీసిన వస్తువు, బయటి వలయం ఎటు తిరిగినా నిట్టనిలువుగానే ఉంటుంది. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో గ్రీకు యంత్రకారుడు ఫిలో, ఎటు త్రిప్పినా ఒలకని సిరాబుడ్డిని ఈ పద్ధతిలో వర్ణించాడు. క్రీ. శ. 2వ శతాబ్దంలో చైనాలో డింగ్ హువాన్ అనే శిల్పి ఇటువంటి ధూపపాత్ర చేశాడు. ఓడలు ఊగినా దిక్సూచి ఊగకుండా నిలిపింది కూడ ఈ అమరికయే. ఇటలీ దేశపు గణితజ్ఞుడు జిరోలామో కార్డానో 1550లో అచ్చయిన తన గ్రంథంలో దీనిని ప్రస్తావించడంవల్ల, యూరపులో ఈ కీలుకు కార్డాన్ అనే పేరు స్థిరపడింది. అయితే కార్డానో చెప్పినది వస్తువును నిలకడగా ఉంచే వలయాల సంగతి మాత్రమే. భ్రమణాన్ని ఒక షాఫ్టునుంచి మరొక షాఫ్టుకు పంపడం వేరే సమస్య.

1664లో జర్మనీకి చెందిన గాస్పర్ షాట్ అనే పండితుడు ఈ రెండవ ఉపయోగాన్ని వర్ణించాడు. కాని ఆయన ఒక పొరపాటు చేశాడు. మొదటి షాఫ్టు ఎంత వేగంతో తిరిగితే రెండవది కూడా ప్రతి క్షణం అంతే వేగంతో తిరుగుతుందని వ్రాశాడు. మొదటిది ఒక చుట్టు తిరిగితే రెండవదీ ఒక చుట్టే తిరుగుతుంది గనుక, ఎవరికైనా మొదట తోచే అభిప్రాయం అదే. ఈనాటికీ అనేకులు జీపు షాఫ్టును గురించి అనుకొనేదీ అదే.

నీడ గడియారం చెప్పిన సత్యం

ఈ పొరపాటును సరిదిద్దినవాడు రాబర్ట్ హుక్ (1635–1703). స్ప్రింగు సాగుదలకూ దానిమీది బలానికీ గల అనుపాతాన్ని తెలిపే హుక్ నియమం ఉన్నత పాఠశాల విద్యార్థులకు సుపరిచితమే. లండను రాయల్ సొసైటీలో ప్రయోగాల నిర్వాహకుడుగా పనిచేసిన ఆ హుక్కే ఈ కీలును శాస్త్రీయంగా పరిశీలించినవాడు. జీపును మోసే కమాను కట్టా, దానిని నడిపే కీలూ రెండూ ఒక్కని పేరుతోనే ముడిపడి ఉండడం గమనించదగిన విశేషం. 1676లో హుక్ దీనికి ‘యూనివర్సల్ జాయింటు’ అనే పేరు వాడాడు. అంతేకాదు, మొదటి షాఫ్టు సమవేగంతో తిరిగినా రెండవది ఒకచోట వెనుకబడి, మరొకచోట ముందుకు దూకుతూ తిరుగుతుందని ఆయన గుర్తించాడు.

ఇది ఎందుకు జరుగుతుంది? ఒక గాజును బల్లమీద పెట్టి దాని చుట్టూ సమాన దూరాలలో చుక్కలు పెట్టండి. పైనుంచి నిట్టనిలువుగా చూస్తే చుక్కలు సమాన దూరాలలోనే ఉంటాయి. గాజును వాలుగా పట్టుకొని చూస్తే అది కోలగా కనిపిస్తుంది. కొసల దగ్గర చుక్కలు గుమిగూడినట్టు, నడుమ విడిపోయినట్టు ఉంటాయి. కీలులో క్రాసు ఒక భుజం మొదటి షాఫ్టు చుట్టూ వలయం గీస్తుంది. రెండవ భుజం రెండవ షాఫ్టు చుట్టూ వలయం గీస్తుంది. షాఫ్టుల నడుమ వంపు ఉన్నప్పుడు ఈ రెండు వలయాలూ ఒకదానికొకటి వాలుగా ఉంటాయి. ఒకదానిమీది సమాన భాగాలు రెండవదానిమీద అసమానాలవుతాయి. గణిత భాషలో చెప్పాలంటే, రెండవ షాఫ్టు తిరిగిన కోణపు టాంజెంటు, మొదటి షాఫ్టు తిరిగిన కోణపు టాంజెంటును వంపుకోణపు కొసైనుతో గుణించగా వస్తుంది.

ఈ సూత్రం ఖగోళశాస్త్రంలో అంతకుముందే ఉన్నదని హుక్‌కు తెలుసు. సమతలమైన పలకమీద, ధ్రువనక్షత్రం వైపు చూపే పుల్లను నాటితే నీడ గడియారం అవుతుంది. సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున సమంగా జరిగినా, పలకమీద నీడ సమంగా జరగదు. నాగాయలంక దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశంమీద ఉన్నది. అక్కడ ఇటువంటి గడియారంలో, మధ్యాహ్న రేఖనుంచి నీడ ఒంటిగంటకు 4.2 డిగ్రీలు, రెండింటికి 9.0, మూడింటికి 15.4, నాలుగింటికి 25.5, అయిదింటికి 45.8 డిగ్రీలు జరుగుతుంది. ఆరు గంటలకు 90 డిగ్రీలు చేరుతుంది. అనగా మొదటి గంటలో నాలుగు డిగ్రీలు నడిచిన నీడ, చివరి గంటలో 44 డిగ్రీలు పరుగెత్తుతుంది! లండనులో ఈ తేడా ఇంత ఉండదు; అక్కడ మొదటి గంటలో సుమారు 12, చివరి గంటలో సుమారు 19 డిగ్రీలు. ఒక షాఫ్టును భూమి అక్షం దిశలోనూ, రెండవదానిని నిట్టనిలువుగానూ పెట్టి కీలుతో కలిపితే రెండవ షాఫ్టు సరిగ్గా నీడ నడకనే నడుస్తుందని హుక్ చూపాడు. కీలులోని లోపాన్నే ఆయన పనికి పెట్టుకొన్నాడన్నమాట. పై లెక్కను ఏ పాఠశాలలోనైనా ఒక అట్టముక్కమీద గీసి, ఎండలో పెట్టి పరీక్షించవచ్చును.

ముల్లును ముల్లుతోనే

నీడ గడియారానికి వరమైన ఈ గుణం యంత్రాలకు శాపం. వంపు 30 డిగ్రీలైతే, మొదటి షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుండగా రెండవ షాఫ్టు వేగం ఒక్క చుట్టులోనే 468కి పడిపోయి, 624కు పెరిగి, మళ్ళీ పడి మళ్ళీ పెరుగుతుంది. ఈ 540 అనే అంకె ఊహించి వేసినది కాదు. దమ్ము చేసే ట్రాక్టరు వెనుక రోటవేటరును త్రిప్పే షాఫ్టుకు నిర్ణయించిన ప్రమాణవేగం అది. మడి చివర మలుపు తిరిగేటప్పుడు రోటవేటరును పైకి ఎత్తితే షాఫ్టు వంపు పెరిగి గడగడ చప్పుడు వస్తుంది. ఎత్తేముందు షాఫ్టు తిరుగుడును ఆపమని చెప్పడానికి గల కారణాలలో ఇదొకటి.

దీనికి హుక్ 1683లో సూచించిన విరుగుడు, ముల్లును ముల్లుతోనే తీయాలన్న మన సామెతకు అచ్చమైన ఉదాహరణ. ఒక కీలు చేసిన తప్పును సరిగ్గా అంతే తప్పు చేసే మరొక కీలుతో కొట్టివేయాలి. నడిమి షాఫ్టుకు రెండు చివరలా రెండు కీళ్ళు పెడితే, మొదటి కీలు వేగం తగ్గించిన క్షణంలోనే రెండవది అంతే పెంచుతుంది. అప్పుడు చివరి షాఫ్టు సమవేగంతో తిరుగుతుంది. అయితే దీనికి మూడు నియమాలున్నాయి. మొదటిది: రెండు కీళ్ళ దగ్గరా వంపు సమానంగా ఉండాలి. రెండవది: మూడు షాఫ్టులూ ఒకే తలంలో ఉండాలి. మూడవది: నడిమి షాఫ్టు రెండు చివరల పంగలూ ఒకే తలంలో ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒకటి తప్పినా తప్పులు కొట్టుకుపోవు. ఒక్కొక్కప్పుడు ఒకదానికొకటి కలుస్తాయి కూడా. 1841లో ఇంగ్లండులో రాబర్ట్ విల్లిస్, అటుపిమ్మట ఫ్రాన్సులో పొన్సెలే ఈ చలనాన్ని గణితరీత్యా విపులంగా విశ్లేషించారు.

మోటారు బండిలోనికి

మొదటి మోటారు కార్లలో చాలావాటికి సైకిలుకువలె గొలుసే ఉండేది. దుమ్ములో, బురదలో గొలుసు త్వరగా అరిగిపోయేది. 1898లో ఫ్రాన్సులో లూయీ రెనో తన చిన్న కారులో గొలుసు తీసివేసి కీళ్ళున్న షాఫ్టుతో వెనుక ఇరుసును నడిపాడు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయపు విద్యార్థి క్లారెన్స్ స్పైసర్, మోటారు బండికి తగిన యూనివర్సల్ జాయింటును రూపొందించి 1903లో పేటెంటు పొందాడు; మరుసటి ఏడు న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్లెయిన్‌ఫీల్డులో వాటి తయారీ ప్రారంభించాడు. ఆయన పేరు షాఫ్టులమీదా ఇరుసులమీదా నేటికీ కనిపిస్తూనే ఉన్నది.

రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంకోసం 1940–41లో జీపు రూపుదిద్దుకొన్నది. విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి యుద్ధకాలంలో ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. నాలుగు చక్రాలకూ బలం అందాలంటే ముందుకొకటి, వెనుకకొకటి షాఫ్టులు కావాలి. పైగా ముందు చక్రాలు తిరుగుతూనే మళ్ళాలి గదా! బండి మలుపు తిరిగినప్పుడు చక్రం దగ్గరి వంపు చాలా ఎక్కువ. అక్కడ హుక్ కీలు చాలదు. అందుకని బంతులతో పనిచేసే సమవేగపు కీళ్ళను వాడారు. వాటిలో 1920 దశాబ్దంలో ఆల్‌ఫ్రెడ్ జెప్పా రూపొందించిన కీలు ఒకటి. నేటి చిన్న కార్ల ముందు చక్రాల దగ్గర కనిపించేది దాని సంతతియే. ప్రొపెల్లర్ షాఫ్టులకు మాత్రం చవకగా, గట్టిగా ఉండే హుక్ కీళ్ళే నిలిచాయి.

మన దేశంలో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల కూర్పును 1949లో బొంబాయిలో ప్రారంభించింది. ఆ తరువాత దశాబ్దాలలో జీపు ప్రభుత్వపు బండిగానూ, పల్లెలలో మనుషులను చేరవేసే బండిగానూ తెలుగునాట సుపరిచితమయింది.

బండిని ఎత్తినప్పుడు ఏమవుతుంది?

విల్లీస్ జీపు ముందు వెనుక ఇరుసుల నడుమ దూరం 80 అంగుళాలు, అనగా సుమారు 203 సెంటీమీటర్లు. అంత పొట్టి బండిలో షాఫ్టులు కూడా పొట్టివే. ఇక్కడే చిక్కు వస్తుంది. షాఫ్టు పొడవు అర మీటరు, దాని వంపు 5 డిగ్రీలు అనుకొందాం. చట్రాన్ని 11 సెంటీమీటర్లు ఎత్తితే ఆ వంపు దాదాపు 17 డిగ్రీలవుతుంది. అదే ఎత్తును 125 సెంటీమీటర్ల షాఫ్టుగల పొడుగాటి ట్రక్కుకు ఇస్తే వంపు 10 డిగ్రీలలోపే ఉంటుంది. వంపు మూడురెట్లు పెరిగితే ఏమవుతుందిలే అనుకొనరాదు. వేగంలోని హెచ్చుతగ్గు వంపుకోణపు వర్గాన్ని అనుసరిస్తుంది. 5 డిగ్రీల దగ్గర ఈ హెచ్చుతగ్గు నూటికి 0.4 వంతు కూడా లేదు. 17 డిగ్రీల దగ్గర నూటికి నాలుగున్నర వంతులు. అనగా పదకొండురెట్లకు పైగా. షాఫ్టు కూడా దాదాపు 2 సెంటీమీటర్లు సాగవలసి వస్తుంది. దాని నడుమనున్న జారుడు కూర్పులో ఆ మేరకు పట్టు తగ్గుతుంది.

కమాను కట్టల వంపును మాత్రమే పెంచి, పినియన్ కోణం మారకుండా చూస్తే, రెండు కీళ్ళ వంపూ సమానంగానే పెరుగుతుంది. తప్పులు కొట్టుకుపోతాయి, పినియన్ సమంగానే తిరుగుతుంది. కాని క్రింది కీలు మరీ వంగి ఉండడం చూసి, ఇరుసుకూ కమాను కట్టకూ నడుమ ఏటవాలు ఇనుప ముక్క పెట్టి పినియన్ ముక్కును పైకి లేపడం తరచు జరిగే పని. చూపుకు ఇది సబబుగానే ఉంటుంది. లెక్క వేస్తే సంగతి బయటపడుతుంది. పినియన్‌ను 10 డిగ్రీలు లేపితే క్రింది వంపు 7 డిగ్రీలకు తగ్గుతుంది; పైది 17గానే ఉంటుంది. పై కీలు నూటికి నాలుగున్నర వంతుల తప్పు చేస్తే క్రిందిది ముప్పాతిక వంతు మాత్రమే దిద్దగలుగుతుంది. మిగిలిన తప్పు, దాదాపు పదిహేనున్నర డిగ్రీలు వంగిన ఒంటి కీలు చేసే తప్పుతో సమానం. క్రింది కీలుకు ఊరట ఇవ్వబోయి హుక్ చెప్పిన మొదటి నియమాన్నే చెరిపివేశామన్నమాట.

దాని ఫలితం ఎంత? చక్రం వ్యాసం 70 సెంటీమీటర్లు, పినియన్ 4.88 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందనుకొంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో షాఫ్టు సెకనుకు 37 చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టుకూ రెండు కుదుపుల చొప్పున సెకనుకు 74 కుదుపులు. బండి వేగం రెట్టింపైతే ఆ కుదుపుల బలం నాలుగురెట్లవుతుంది. క్రాసులోని సన్నని సూది రోలర్లు, పినియన్ బేరింగులు, గేరుబాక్సు వెనుక సీలు అన్నీ ఆ దెబ్బ తింటాయి. విల్లీస్ జీపులో మరొక ప్రమాదం కూడా ఉన్నది. దాని చేతిబ్రేకు చక్రాల దగ్గర లేదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, షాఫ్టు మొదట ఉన్నది. వెనుక షాఫ్టు విరిగితే వెనుక చక్రాలకు ఆ బ్రేకు అందదు. కరకట్ట వాలుమీద నిలిపిన బండిలో మనుషులున్నప్పుడు ఈ సంగతి ప్రాణాలతో చెలగాటమవుతుంది.

సరైన పద్ధతి

మార్గాలు రెండే. షాఫ్టుకు రెండు చివరలా ఒక్కొక్క కీలే ఉంటే, ట్రాన్స్‌ఫర్ కేసునుంచి బయటికి వచ్చే షాఫ్టూ పినియన్ షాఫ్టూ సమాంతరంగా ఉండాలి. వంపు ఎక్కువయితే బండి ఎత్తునే తగ్గించుకోవాలి. లేదా పైచివర రెండు కీళ్ళను ప్రక్కప్రక్కనే జతచేసిన జంటకీలు పెట్టాలి. ఆ జంట తన తప్పును తానే దిద్దుకొంటుంది. కనుక అప్పుడు క్రింది కీలులో దిద్దవలసినది ఏమీ ఉండదు; పినియన్ ముక్కును షాఫ్టు వైపే సూటిగా చూపేటట్లు లేపాలి. ఇంజను బలం పట్టినప్పుడు కమాను కట్టలు మెలిపడి పినియన్ ముక్కు తనంతట తాను కొంచెం పైకి లేస్తుంది. అందుకని నిలిచి ఉన్నప్పుడు దానిని ఒకటి రెండు డిగ్రీలు క్రిందికే ఉంచుతారు. ఒక పద్ధతికి చెప్పిన కోణాన్ని రెండవ పద్ధతికి వాడడమే అన్ని చిక్కులకూ మూలం.

కొలవడానికి ఖరీదైన సాధనం అక్కరలేదు. విద్యార్థి కోణమానిని, దారం, చిన్న గుండు చాలు. బండిని సమతలంమీద, మామూలు బరువుతో, చక్రాలమీదనే నిలపాలి. జాకీమీద ఎత్తి కొలిస్తే ఇరుసు వ్రేలాడి కోణాలన్నీ మారిపోతాయి. ట్రాన్స్‌ఫర్ కేసు షాఫ్టు, ప్రొపెల్లర్ షాఫ్టు, పినియన్ షాఫ్టు ఈ మూడింటి వాలునూ విడివిడిగా కొలవాలి. మొదటి రెండింటి తేడా పై కీలు వంపు. చివరి రెండింటి తేడా క్రింది కీలు వంపు. షాఫ్టును విడదీసి గ్రీజు పెట్టి మళ్ళీ కూర్చేటప్పుడు రెండు చివరల పంగలూ ఒకే తలంలో ఉన్నవో లేవో చూడాలి. జారుడు కూర్పులో ఒక్క పల్లు తప్పినా మూడవ నియమం భంగమవుతుంది. సాధారణంగా దీనికోసమే షాఫ్టుమీద బాణపు గుర్తులు ఉంటాయి. వంపు బొత్తిగా సున్నా కావడం కూడా మంచిది కాదు. అప్పుడు సూది రోలర్లు కదలక ఒకేచోట ఒత్తి గాట్లు పెడతాయి. ముందు ఇరుసును ఇష్టంవచ్చినట్లు త్రిప్పితే చక్రాల నిలువు వాలు మారి, స్టీరింగు తనంతట తాను మధ్యకు రావడం మానుతుంది.

తయారుచేసిన కంపెనీ నిర్ణయించిన ఆకృతిని వాహన యజమాని తన ఇష్టప్రకారం మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను చెబుతున్నది. దానికి కారణం పైన చెప్పిన లెక్కలలోనే కనిపిస్తుంది. బండి ఎత్తు ఒక్కటే మారడం సాధ్యం కాదు. దానితోపాటు వంపు, వంపుతోపాటు వేగం, బేరింగుమీది బరువు, బ్రేకు భద్రత అన్నీ మారుతాయి.

షాట్ చేసిన పొరపాటు కీలును కంటితో చూసి తృప్తిపడడం. హుక్ చేసిన పని దాని కోణాన్ని లెక్కకట్టడం. వారిద్దరి నడుమ గడచిన కాలం ఇరవై ఏళ్ళే. కాని ఆ తేడా తెలియక ఈనాడు కూడా క్రాసుమీద క్రాసు మార్చి డబ్బు పోగొట్టుకొనేవారున్నారు. ఉన్నత పాఠశాలలో నేర్చిన త్రికోణమితి ఎందుకు పనికి వస్తుందని విద్యార్థి అడిగినప్పుడు ఉపాధ్యాయుడు అతనికి కోణమానినీ, దారం, గుండు ఇచ్చి ఒక జీపు క్రిందికి చూడమనవచ్చును. కొత్త క్రాసు కొనడానికి ముందు కోణం కొలవాలని అతడు అక్కడ నేర్చుకొంటాడు.